మా అత్త వేలు తిన్న బొప్పాయి

మా మరిది హైదరాబాదులో రెండేళ్ళు చదువుకుని ఎల్లారెడ్డికి తిరిగివచ్చిన ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ కుదురుగా అన్నం తినలేదు. అతను పరీక్ష తప్పి వచ్చాడు. తప్పింది లెక్కల్లోనే గాని సైన్సులో కాదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ తనే చెప్పుకునేవాడు. మా అత్తకు ఆ రెంటికీ తేడా తెలియదు. కొడుకు చిక్కిపోయి వచ్చాడన్నది ఒక్కటే ఆమెకు కనిపించింది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక మా వైపు బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగేవి. నేను కాపురానికి వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నా పుట్టిల్లు కామారెడ్డిలో, రైలు స్టేషనుకు దగ్గర. అక్కడ తెల్లవారితే రైలు కూత వినిపించేది, ఇక్కడ మా అత్త కూత వినిపించేది. రెండూ వేళ తప్పేవి కావు.

మా మామ నేను రాకముందే పోయాడు. ఇంటికి పెద్ద మా అత్తే. బక్కపలచని మనిషి. నోట్లో పళ్ళు దాదాపు లేవు గాని మాటకు పదును తగ్గలేదు. నా భర్త పొలం చూసుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు అతని తల్లీ తమ్ముడూ కలిసి తీర్చేవారు.

మరిది తెచ్చుకున్న చదువంతా ఒక్క మాట చుట్టూ తిరిగేది. ఆ మాట ఖామిరా. హైదరాబాదులో వాళ్ళకు పాఠాలు ఉర్దూలో చెప్పేవారు గనక, ఇప్పటి పిల్లలు ఎంజైమ్ అంటున్నదాన్ని అప్పుడు వాళ్ళు అలా అనేవారు. మన ఒంట్లోనూ చెట్లలోనూ పుట్టే పదార్థమట అది. తాను ఖర్చు కాకుండా పక్కనున్నదాన్ని మార్చేస్తుందట. కాయ పండడం, కల్లు పులియడం, తిన్నది అరగడం అన్నీ దాని చలవేనట. మా వీధిలో మాత్రం ఖమీరా అంటే హుక్కాలో వేసుకునే కమ్మని పొగాకు. పిల్లవాడు పట్నం నుంచి మంచి సరుకు తెచ్చాడని పుకారు పుట్టింది. ఎదురింటి ముసలాయన రెండు పూటలా వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. మరిది ఆయనకు నోట్లో ఊరే లాలాజలం గురించి వివరంగా చెప్పేవాడు. ఆయన పాపం చాలా ఓపికగా విన్నాడు. కొన్నాళ్ళకు ఇక ఆగలేక, “అంత మంచిగనే ఉన్నది కొడుకా, గని జెర ఇస్తె తాగి చూస్త గద” అన్నాడు.

ఒక మధ్యాహ్నం జొన్నరొట్టెలు తింటూ ఉంటే మరిదికి మమ్మల్నందరినీ నమ్మించాలన్న పట్టుదల వచ్చింది. మన ఉమ్మిలో ఒక ఖామిరా ఉంటుందని, అది జొన్నపిండిని చక్కెర చేసేస్తుందని అన్నాడు. కావాలంటే రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా నములుతూ పోతే అదే తీపి అవుతుందన్నాడు. మింగితే లెక్క తప్పుతుంది, మాట్లాడితే మింగుతారు, కాబట్టి ఎవరూ నోరు తెరవకూడదు. అత్త ముందు విసుక్కుంది గాని, చక్కెర అన్న మాటకు మెత్తబడింది. అప్పట్లో చక్కెర బజారులో దొరకడమే గగనం. అందరం తలా ఒక పెద్ద ముక్క బుగ్గన పెట్టుకుని నమలడం మొదలుపెట్టాం. అత్తకు పళ్ళు లేవు గనక రొట్టెను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు దొర్లిస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో మా ఆడబిడ్డ మామగారు దిగారు. మా ఆడబిడ్డను రాజంపేటలో ఇచ్చారు. ఆయన మా అత్తకు వియ్యంకుడు, మర్యాదకు ప్రాణమిచ్చే మనిషి, చెప్పకుండా ఎప్పుడూ వచ్చేవారు కారు. రామ్ రామ్ అంటూ లోపలికి వచ్చి చూస్తే, మేమందరం వరసగా కూర్చుని బుగ్గలు పూరించుకుని ఆయన వైపు గుడ్లప్పగించి చూస్తున్నాం. నా భర్త లేచి నిలబడి దండం పెట్టాడు. అతను మామూలుగానే మాట్లాడడు గనక అది వింతగా తోచలేదు. కాని అత్త కూడా నోరు విప్పలేదు. కూర్చోమని చేత్తో చూపించింది, నమిలింది. వియ్యంకుడి ముఖం చిన్నబోయింది. ఇంట్లో ఏదైనా కానిది జరిగిందా, లేక తన కోడలి విషయంలో మాకు కోపం వచ్చిందా అని ఆయన భయపడ్డారని తర్వాత తెలిసింది. తువ్వాలతో ముఖం తుడుచుకుని, అందరూ బాగున్నారా అని మెల్లగా అడిగారు.

అత్త ఇంకొంచెం నమిలి, గుటకవేసి, ఆయన ముఖంలోకి తేరిపార చూసి, “తియ్యగనే అయింది” అంది.

వియ్యంకుడు తువ్వాల మళ్ళీ భుజాన వేసుకున్నారు. సంతోషం అన్నారు. నాకు నవ్వు తన్నుకొచ్చి, నోట్లో రొట్టెతో పొలమారి, వంటింట్లోకి పరుగెత్తాను.

ఆయన వచ్చింది తోట పని మీద. ఊరి చివర మోటబావి కింద మా అత్త పేరున చిన్న తోట ఉండేది. దాన్ని కూతురికి రాసిస్తానని అత్త ఎప్పుడో మాట ఇచ్చింది. వానలు పడకముందే ఆ కాగితం రిజిస్ట్రీ చేయిస్తే బాగుంటుందని చెప్పడానికి ఆయన వచ్చారు. అత్త సరేనంది. వియ్యంకుడు వచ్చినప్పుడు మాంసం వండకపోతే ఊరంతా ఆడిపోసుకుంటుంది గనక, మర్నాటికి మేకమాంసం తెప్పించింది.

ఆ మేక ముసలిది. కోసినవాడే కత్తి రెండుసార్లు నూరుకున్నానని చెప్పాడు. వియ్యంకుడికీ పళ్ళు అంతంతమాత్రమే. అత్త దిగులుపడుతుంటే మరిది లేచి తోటకు పోయి, పచ్చి బొప్పాయికాయలకు గాట్లు పెట్టి, కారిన పాలు చిన్న ముంత నిండా పట్టి తెచ్చాడు. ఇందులో ఉన్న ఖామిరా మాంసాన్ని మెత్తబరుస్తుందన్నాడు. బొప్పాయి ముక్క వేస్తే మాంసం తొందరగా ఉడుకుతుందని మా అమ్మ కూడా చెప్పేది. కాని మా అమ్మ వేసేది వేలెడు ముక్క. మరిది ముంతెడు పాలూ పోసి, మాంసానికి పట్టించి, పొద్దెక్కేదాకా కుండ కదిలించవద్దని నాకు ఆజ్ఞ వేశాడు.

కుండ పొయ్యి మీదికి ఎక్కించిన కాసేపటికే ముక్కలు కనిపించడం మానేశాయి. గరిటె పెట్టి కలిపితే ముందు కొంచెం బరువుగా తగిలింది, తర్వాత అంబలిలా తిరిగింది. కిందికి దించేసరికి కుండలో ఎముకలు ఉన్నాయి, చారు ఉంది, మాంసం లేదు. బొక్కలు కూడా ఎవరో బూడిదతో తోమి వేసినట్టు తెల్లగా ఉన్నాయి. అత్త వచ్చి గరిటెతో అడుగంటా దేవి చూసింది. తర్వాత నా ముఖం చూసింది. తర్వాత పిల్లి ఎక్కడుందో చూసింది. పిల్లి గడపలో పడుకుని ఉంది, దాని కడుపు వెన్నుకు అంటుకుని ఉంది.

“మాంసం ఏదిరా?” అని కొడుకును అడిగింది.

“గా చారుల్నే ఉన్నది అవ్వా. ఎటూ పోలే. కరిగింది, అంతే.”

“కరగనీకి గది బెల్లమా?”

వడ్డించక తప్పలేదు. నేను తల వంచుకుని వియ్యంకుడి పళ్ళెంలో బొక్కలూ చారూ వేశాను. ఆయన ఒక బొక్క ఎత్తి, అటూ ఇటూ తిప్పి, మర్యాద తెలిసిన మనిషి గనక ఏమీ అనకుండా పక్కన పెట్టారు. కాని చారు ఒక ముద్ద కలుపుకుని తిన్నాక ఆయన ముఖం మారింది. మళ్ళీ వేయించుకున్నారు. పళ్ళెం వేళ్ళతో తుడిచారు. ఇన్నేళ్ళకు మాంసం పళ్ళలో ఇరుక్కోకుండా తిన్నానని, ఇది ఎలా వండాలో తన ఇంట్లో వాళ్ళకు చెప్పి పంపమని అన్నారు. మరిది ఛాతీ ఉబ్బిపోయింది. మాకు వచ్చిన కష్టాలన్నిటికీ ఆ పొగడ్తే మూలం.

ఆ సాయంత్రమే అతను కొత్త ఆలోచన చెప్పాడు. మాంసాన్ని కరిగించే ఈ పాలను ఎండబెట్టి పొడి చేస్తే బొంబాయిలో మందుల కంపెనీ వాళ్ళు కొంటారట. అజీర్తి మందుల్లో కలుపుతారట. తోళ్ళు మెత్తబరచడానికి చర్మకారులు వాడతారట, పట్టునూలు మీది జిగురు తీయడానికి వాడతారట, దొరలు తాగే బీరు తేటపడడానికి కూడా అదే వేస్తారట. యుద్ధం మూలంగా ఓడల్లో సరుకు రావడం లేదు గనక ఇప్పుడు గిరాకీ ఎక్కువట. మన తోటలో చెట్టు చెట్టుకూ కాయలు వేలాడుతున్నాయి, కాయకు కాయా దండగైపోతోంది అన్నాడు. అత్త అంతా విని, తోట ఎలాగూ బిడ్డకు పోతుంది, పోయేలోగా పాలన్నా పిండుకుందాం అంది. బర్రె గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

అలా మేం బొప్పాయి పాడి మొదలుపెట్టాం. తెల్లవారకముందే తోటకు పోవాలి. వెదురు బద్దతో కాయ మీద సన్నగా గీతలు గీయాలి. ఇనుప కత్తి వాడితే పాలు నల్లబడతాయని మరిది చెప్పాడు. బొట్లు బొట్లుగా కారేదాన్ని మట్టి మూకుళ్ళలో పట్టాలి. కాసేపటికి అది పెరుగులా గడ్డకడుతుంది. దాన్ని తీసుకొచ్చి రేకుల మీద పరిచి ఎండబెట్టాలి. నా భర్త గీతలు గీశాడు, నేను మూకుళ్ళు పట్టాను, మరిది చెట్టుకింద నిలబడి ఎందుకు అలా జరుగుతుందో చెప్పాడు.

పాలు చేతికి అంటితే మంట పుడుతుందని మొదటి రోజే తెలిసింది. మేం చేతులకు గుడ్డలు చుట్టుకున్నాం. అత్త చుట్టుకోలేదు. మూకుడు అడుగున అంటుకున్న కొంచెం కూడా దండగ కావడం ఆమెకు ఇష్టం లేదు. కుడిచేతి బొటనవేలితో మూకుడు చుట్టూ తుడిచి, ఆ తుడిచినదంతా రేకు మీద గీకేది. చుర్రుమంటోంది గదా అత్తా, గుడ్డ కట్టుకో అంటే, మిరపకాయలు కోసిన చేతికి ఇదొక లెక్కా అనేది. కొన్నాళ్ళకు వేలు ఎర్రబడింది. తర్వాత చర్మం పొరలు పొరలుగా ఊడింది. పనికి మాత్రం అడ్డం రాలేదు. పొడి ఒక డబ్బా నిండాక మరిది దాన్ని గుడ్డసంచిలో కుట్టి, కామారెడ్డి స్టేషనులో రైలుకు వేసి వచ్చాడు. అత్త వేలి మంట తగ్గి కొత్త చర్మం వచ్చింది. లేత గులాబి రంగు, చింతగింజలాంటి నునుపు. పడుచుపిల్ల వేలులా ఉందని అందరికీ చూపించి మురిసిపోయింది.

ఆ మురిపెంతోనే రిజిస్ట్రీ కచేరికి పోయాం. తోట కాగితం రాయించారు. అత్తకు రాత రాదు గనక వేలిముద్ర వేయాలి. అక్కడ రాతపని చూసే మున్షీ ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. నల్లని మచ్చ పడింది. కాకి గుడ్డంత మచ్చ, అందులో ఒక్క గీత లేదు. సిరా ఎక్కువైందేమోనని తుడిచి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మచ్చ. మామ పోయినప్పుడు ఈ తోట అత్త పేరున ఎక్కిన పాత కాగితం తీసి, భూతద్దం పెట్టి చూశాడు. అందులోని ముద్రలో గీతలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. మున్షీ ముఖంలో అనుమానం పుట్టింది.

“అవ్వా, ఈ ఏలు ఎవరిది?”

“నాదే.”

“నిశాని పడుతలేదు గద.”

“ఏలైతే ఉన్నది గద బిడ్డా. గీతలేం చేసుకుంటవు?”

వేలు ఎంతమందికైనా ఉంటుందని, మనిషిని గుర్తుపట్టేది గీతలతోనేనని మున్షీ చెప్పాడు. ఎడమచేతిది వేస్తానని అత్త అంది. పాత కాగితంలో ఉన్నది కుడిచేతిది, ఎడమది చెల్లదన్నాడు. మరిది ముందుకు వచ్చి, ఇదంతా ఖామిరా చేసిన పని అని మొదలుపెట్టాడు. మున్షీ చెయ్యి అడ్డంపెట్టి, తనకు పొగాకు అలవాటు లేదని, కచేరిలో ఆ మాటలు వద్దని అన్నాడు. పై అధికారి సాబు దౌరా మీద ఊళ్ళు తిరగడానికి పోయాడు, వచ్చేలోగా ఈ వేలు ఈమెదేనని కామారెడ్డి దవాఖానా డాక్టరు చేత రాయించుకు రమ్మని చెప్పి పంపేశాడు.

దారి పొడుగునా అత్త ఆ వేలి సిరాను కొంగుకు తుడుస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక గోడకు ఆనుకుని కూర్చుని తన వేలు తను చూసుకుంది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను, ఇప్పుడు నేను నేను కాదని ఒకడు చెప్పాడు అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి లాక్కుని నా బొటనవేలు వెలుగులోకి పెట్టి చూసి, నీకున్నయి గీతలు, జాగ్రత్త అంది. మరుక్షణం ఇద్దరం నవ్వేశాం.

కామారెడ్డి ప్రయాణం గురించి చెప్పాలంటే, బస్సులో మేం కూర్చున్నది ఎంత దూరమో తోసింది కూడా ఇంచుమించు అంతే. ఎత్తు వచ్చినప్పుడల్లా బొగ్గుపొయ్యికి ఆయాసం వచ్చేది. మగవాళ్ళు దిగి తోసేవాళ్ళు. అత్త, నేను, మరిది వెళ్ళాం. మరిది తోస్తూ కూడా బొగ్గు పొగ నుంచి గ్యాసు ఎలా పుడుతుందో పక్కవాడికి చెబుతున్నాడు. పక్కవాడు అందుకే ఎక్కువ గట్టిగా తోశాడని నాకు అనుమానం.

మా పుట్టింట్లో దిగాం. వియ్యపురాలు వచ్చిందని మా అమ్మ పూర్ణం పెట్టి బచ్చాలు చేసింది, నెయ్యి పోసింది, వద్దన్నకొద్దీ వడ్డించింది. అత్త బాధలో ఉన్నప్పుడు ఎక్కువ తినే మనిషి. మర్నాడు దవాఖానాకు చేరేసరికి ఒక చేత్తో కడుపు పట్టుకుని ఉంది, ఇంకో చేయి బొటనవేలు పైకెత్తి ఉంది. డాక్టరు పెద్దమనిషి, బట్టతల, నవ్వుముఖం. ముందు ఏది చూడమంటారని అడిగాడు. కడుపు అంది అత్త.

ఆయన అలమారలోంచి ఒక సీసా తీసి గ్లాసులో కొంచెం వంచి ఇచ్చాడు. అత్త దాన్ని నోటి దగ్గరకు తీసుకుపోయి ఆగిపోయింది. వాసన చూసింది. ముక్కు ముడిచి మరిదికి ఇచ్చింది. అతను వాసన చూసి, సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, ముఖం వెలిగిపోతుండగా, ఇది మన బొప్పాయి పాలేనని చెప్పాడు.

“నేను తాగ” అంది అత్త గ్లాసు బల్ల మీద పెట్టేసి. “ఏలునే తిన్నది. కడుపును ఇడిచిపెడతదా?”

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. మరిది మొత్తం చెప్పాడు. మేకమాంసం దగ్గర నుంచి మున్షీ దాకా. డాక్టరు వేలు పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూసి, కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత అత్తకు ధైర్యం చెప్పాలని, సీసాలో ఉన్నది చాలా కొంచెమని, అసలు మన కడుపులోనే మాంసాన్ని కరిగించే ఇలాంటి రసం ఒకటి పుడుతూ ఉంటుందని అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఉంది గదా, ఏమైనా అయిందా అని అడిగాడు.

అంత పొరపాటు మాట ఇంకొకటి ఉండదు. అత్త రెండో చెయ్యి కూడా కడుపు మీద పెట్టుకుంది.

“నా కడుపుల ఉన్నదా గది?”

ఉందన్నాడు. “మరి నా కడుపు గూడ మాంసమే గద. దాన్నెందుకు తింటలేదు?” అంది అత్త.

అది మంచి ప్రశ్న అని డాక్టరు మరిది వైపు చూశాడు, మరిది డాక్టరు వైపు చూశాడు. కడుపుకు లోపల జిగురు పొర పూతలా ఉంటుంది, అది కాపాడుతుంది అని డాక్టరు వివరించాడు. ఆ పొర పోతే ఏమవుతుందని అత్త అడిగింది. అప్పుడు పుండు పడుతుందని ఆయన నిజం చెప్పాడు. అత్తకు ఆ ఒక్క మాటే మిగిలింది. ఆ రసానికి ఎప్పుడూ ఏదో ఒకటి తినడానికి ఇస్తూ ఉంటే మన జోలికి రాదు, ఖాళీగా ఉంచితేనే ప్రమాదం అని ఆమె అక్కడికక్కడే తేల్చేసుకుంది. ఆనాటి నుంచి ఆమె కొంగున వేయించిన శనగలో పేలాలో లేకుండా ఉండలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, రెండు గింజలు నోట్లో వేసుకుని, “దానికి ఏసిన” అనేది. ఇంట్లో కుక్కను పెంచుతున్నట్టే ఉండేది ఆమె వరస.

డాక్టరు కాగితం రాసి ఇచ్చాడు. మరిది దాన్ని బయటికి వచ్చి మాకు చదివి వినిపించాడు. ఈ ముసలమ్మను నేను పరీక్షించాను, ఈ బొటనవేలు ఈమె చేతికి పుట్టుకతోనే అతికి ఉన్నది, ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నది కాదు, బొప్పాయి పాల వల్ల చర్మం పై పొర పోయింది అని ఉంది. అత్తకు అది చాలా నచ్చింది. ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నది కాదు అన్న ముక్క మళ్ళీ చదివించుకుంది.

ఎల్లారెడ్డి చేరేసరికి సాబు దౌరా నుంచి వచ్చేశాడు. పెద్ద వయసువాడు, అలసిన కళ్ళు. మున్షీ ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, వేలు ఈమెదేనని డాక్టరు రాశాడు గాని, ఈమె ఈమేనని రాయలేదు గదా అన్నాడు. అత్త శనగలు నోట్లో వేసుకుంది. నేను భయపడ్డాను, నోరు తెరిస్తే ఏమంటుందోనని. సాబు మున్షీని కూర్చోమన్నాడు. ఎంత కాలంలో గీతలు మళ్ళీ వస్తాయని మరిదిని అడిగాడు. చర్మం లోపలి పొరలో అచ్చు అలాగే ఉంటుంది, పైకి మళ్ళీ అవే గీతలు వస్తాయి, ఒక నెలో రెండు నెలలో పడుతుందని డాక్టరు చెప్పినట్టు మరిది జవాబిచ్చాడు.

“అయితే వచ్చినంక రాండ్రి. తోట యాడికి పోతది? వేలు యాడికి పోతది?” అన్నాడు సాబు. తర్వాత గొంతు తగ్గించి, మాంసానికి ఆ పాలు ఎంత వేయాలని అడిగాడు. మరిది నోరు తెరిచేలోగా అత్త వేలు అడ్డంపెట్టి, వేలెడు కాయముక్క వేసుకొమ్మని, వీడు చెప్పేది వినొద్దని చెప్పింది.

మేం వేలిగీతలు పెంచే పనిలో ఉండగా బొంబాయి నుంచి జవాబు వచ్చింది. మీరు పంపిన పొడి చూడ్డానికి బాగుంది, కాని దానికి బలం లేదు, మరీ తీవ్రమైన ఎండలో ఆరబెట్టినందువల్ల గుణం చచ్చిపోయింది, కాబట్టి మాకు అక్కర్లేదు అని దాని సారాంశం. నడి ఎండాకాలంలో మేం దాన్ని రేకుల మీద వేసి వేయించినంత పని చేశాం గదా. మరిది నీడలో ఆరబెట్టాలని ఎక్కడో చదివి మరిచిపోయానని తల పట్టుకున్నాడు. రెండు రోజులు ఎవరికీ ఏమీ వివరించలేదు. ఇల్లంతా బోసిపోయింది. చివరికి నా భర్తే, అన్నం తినే దగ్గర, ఖామిరాకు ఎండ ఎందుకు పడదురా అని అడిగాడు. తమ్ముడి మీద అతనికున్న ప్రేమ అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. మరిది ముఖం ఎత్తి చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం చల్లారేదాకా చెప్పాడు.

అత్తకు మాత్రం ఆ కంపెనీ మీద కోపం తగ్గలేదు. “బలం లేదంటరా? నా ఏలు పట్టుకపోయి సూపియ్యిరా వాళ్లకు” అనేది. ఒక దశలో మరిది ఆ మాటను నిజంగానే ఆలోచించాడు. బొంబాయి టికెట్టు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటుంటే నా భర్త ఆపాడు.

వానలు మొదలై నాట్లు అయ్యేసరికి వేలి మీద గరుకు తగలసాగింది. రోజూ పొద్దున అత్త వేలికి పొయ్యి మసి రాసుకుని గోడకు నొక్కి చూసేది. వంటింటి గోడంతా నల్లమచ్చలే. మొదట్లో ఉత్త మచ్చలు, పోనుపోను వాటిలో సన్నని గీతలు. సుడి మొత్తం కనిపించిన రోజున పండగలా తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, రాజంపేట నుంచి వియ్యంకుణ్ణి పిలిపించుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని కచేరికి బయలుదేరింది.

మున్షీ ముద్ర వేయించి, భూతద్దం పాత కాగితం మీదా కొత్తదాని మీదా మార్చి మార్చి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. సరిపోయిందన్నాడు. అత్త ఆ అద్దం అడిగి తీసుకుని, తన ముద్రను తనే చూసింది. దుక్కి దున్నిన చేనులా గీత పక్కన గీత.

“గిన్ని ఉన్నయా నాకు,” అంది. తర్వాత ఆ అద్దం నాకిచ్చి చూడమంది, కొడుకులిద్దరికీ ఇచ్చింది, వియ్యంకుడికి ఇచ్చింది, కచేరి వాకిట్లో తమ పని కోసం కూర్చున్న వాళ్ళెవరికో కూడా ఇవ్వబోయింది. మున్షీ బతిమాలి తన అద్దం తను తీసుకున్నాడు. అత్త అతని చేతిలో నాలుగు శనగలు పోసి, దానికి వేయమని చెప్పింది. దేనికో అతనికి తెలియదు. అయినా తిన్నాడు.

తోట ఆడబిడ్డ పేరున ఎక్కింది. మరిది మరుసటి సంవత్సరం లెక్కలు గట్టెక్కి, చక్కెర ఫ్యాక్టరీలో రసం పరీక్ష చేసే ఉద్యోగంలో చేరాడు. అక్కడ అందరికీ అన్నీ వివరించేవాడట. వాళ్ళు అందుకే జీతం ఇచ్చేవాళ్ళు గనక బాధ లేకపోయింది. ఆడబిడ్డ రాజంపేట నుంచి వచ్చి తోటంతా తిరిగి చూసుకుంది. మొదటి పనిగా బొప్పాయి చెట్లు కొట్టించి మిరప నాటించింది. ఒక్క చెట్టు ఉంచమని తమ్ముడు బతిమాలితే కాదనలేకపోయింది. కాని దాని చుట్టూ తుమ్మకంప కట్టించి, అవ్వను దగ్గరకు రానివ్వొద్దని మోట తోలే మనిషికి గట్టిగా చెప్పి వెళ్ళింది.